మా టీమ్ ఓడిపోతోంది, మ్యాచ్‌కి వెళ్లాలా?

కాలేజీ ఆటల సీజన్ వచ్చేసరికి ఈ శీర్షికకి ఉత్తరాలు పెరుగుతాయి. ఈసారి చెరుకుపల్లి చుట్టుపక్కల నుంచి ఎక్కువ వచ్చాయి. ఆట రూల్స్ అడిగినవాళ్లు తక్కువ. ఓడిపోతున్న జట్టుతో ఏం చెయ్యాలని అడిగినవాళ్లే ఎక్కువ. చాలామంది పేరు వెయ్యొద్దన్నారు కాబట్టి ఊరు మాత్రమే వేస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఎంఎస్ చదువుతున్నాడు. సెప్టెంబరు మొదలు శనివారం వచ్చిందంటే ఫోన్ ఎత్తడు. అదేమిట్రా అంటే ‘మ్యాచ్ ఉంది నాన్నా’ అంటాడు. 2024 నవంబరు ఆఖర్లో ఒక మ్యాచ్ పోయిందని వాడికి రెండు రోజులు అన్నం సయించలేదట. కాలేజీ పిల్లల ఆటకి ఇంత బాధపడాలా? చదువు పాడవుతుందేమోనని దిగులుగా ఉంది. (ఒక తండ్రి, చెరుకుపల్లి)

జవాబు: అది ఏ మ్యాచో చెప్పగలనండీ. నవంబరు 30న సొంత స్టేడియంలో మిషిగన్ చేతిలో 13-10తో ఓడిన మ్యాచ్. ఆ రెండు యూనివర్సిటీల మధ్య పోటీ తరాల నాటిది. పైగా మిషిగన్ చేతిలో ఓడడం అది వరసగా నాలుగో ఏడు. ఆ రోజు అన్నం సయించనివాళ్లు ఆ రాష్ట్రంలో లక్షల్లో ఉండి ఉంటారు.

ముందు ఆ ఆట సంగతి. వాళ్లూ దాన్ని ఫుట్‌బాల్ అనే అంటారు, కానీ అది మనం ఫుట్‌బాల్ అనేది కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెడతారు, విసురుతారు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకి జరగాలి, జరగలేకపోతే బంతి అవతలివాళ్లకి పోతుంది. సీజన్ మొత్తానికి ఒక్కో జట్టుకి పన్నెండు మ్యాచ్‌లే ఉంటాయి, కాన్ఫరెన్స్ ఫైనల్, ప్లేఆఫ్‌లు కాక. ఐపీఎల్‌లో లీగ్ దశలోనే పద్నాలుగు మ్యాచ్‌లు, అందులో ఆరు పోయినా ముందుకెళ్లిన జట్లున్నాయి. ఈ కాలేజీ ఆటలో 2023 వరకూ నాలుగే జట్లు ప్లేఆఫ్‌కి వెళ్లేవి, రెండు ఓటములు పడితే ఆ ఏటికి ఆశ దాదాపు వదులుకోవాల్సిందే. 2024లో ఆ నాలుగుని పన్నెండు చేశారు.

ఇక అభిమానం సంగతి. ఆ యూనివర్సిటీ ఉన్న కొలంబస్ నగరానికి ఆ ఆట ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్టు లేదు. ఊరికంతటికీ కాలేజీ జట్టే సొంత జట్టు. స్టేడియంలో 1,02,780 మంది పడతారు. మిషిగన్‌లో అయితే 1,07,601 మంది. మన కోటప్పకొండ తిరునాళ్లకి ఊరూరా ప్రభ కట్టుకుని వెళ్లడం మీకు తెలుసు. మా ఊరి ప్రభ అంటే ఆ ఊరివాడికి ఎంతో, అక్కడ కాలేజీ జట్టు అంత. చదువు ముగించుకుని నలభై ఏళ్లయినవాళ్లు కూడా మనవలతో వస్తారు. మీవాడు కొత్త ఊళ్లో ఒంటరిగా ఉండకుండా ఆ ఊరితో కలిశాడంటే నాకు సంతోషంగానే ఉంది.

ఆ ఓటమి తర్వాత జరిగింది మీకు చెప్పాలి. కోచ్ ర్యాన్ డేని తీసెయ్యమని అభిమానుల్లో చాలామంది పట్టుబట్టారు. యూనివర్సిటీ తియ్యలేదు. అదే జట్టు ప్లేఆఫ్‌లో టెన్నెసీని 42-17తో, ఆరెగాన్‌ని 41-21తో, టెక్సస్‌ని 28-14తో ఓడించి, 2025 జనవరి 20న అట్లాంటాలో నోటర్‌డామ్ మీద 34-23తో గెలిచి దేశానికే చాంపియన్ అయింది. మధ్యలో గడిచినవి ఏడు వారాలు. ఆ నవంబరు సాయంత్రం కోపంలో ఇచ్చిన తీర్పు అమలై ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

చదువు గురించి దిగులు వద్దు, శనివారం ఒక్కపూటే కదా. వాళ్ల మధ్యాహ్నం మ్యాచ్ మనకి రాత్రి తొమ్మిదిన్నర, పదిన్నరకి మొదలవుతుంది. ఆదివారం పొద్దున ఫోన్ చేసి, ‘ఏరా, ఎంత కొట్టారు?’ అని అడగండి. అరగంట మాట్లాడతాడు.

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం. మా కాలేజీ ఫుట్‌బాల్ టీమ్ గోల్‌కీపర్‌ని. ఇంటర్ కాలేజియేట్‌లో మొదటి మ్యాచ్‌లోనే 1-0తో ఓడిపోయి ఇంటికొచ్చేశాం. ఆ గోల్ నా చేతుల్లోంచి జారింది. కాలేజీ వాట్సాప్ గ్రూపులో ‘చిల్లుచేతులోడు’ అని నా ఫొటోతో స్టిక్కర్ చేశారు. ప్రాక్టీసుకి వెళ్లబుద్ధి కావట్లేదు. మానెయ్యనా? (ఒక విద్యార్థి, తెనాలి)

జవాబు: మానెయ్యకు బాబూ. నువ్వు కాపలా కాసేది ఇరవై నాలుగు అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు ఉన్న గోల్. దగ్గర నుంచి గట్టిగా కొట్టిన బంతి చేరడానికి అర సెకను కూడా పట్టదు. ముందువరసలో ఆడేవాడు మూడుసార్లు గోల్ తప్పించి నాలుగోసారి కొడితే హీరో. నువ్వు నాలుగుసార్లు ఆపి ఐదోది వదిలితే ఆ ఐదోదే గుర్తుంటుంది. ఆ స్థానంలో నిలబడే ఎవరికైనా అంతే.

బంతి జారడానికి కారణం వెతుకు. చాలాసార్లు కారణం చేతుల్లో ఉండదు, కాళ్లలో ఉంటుంది. బంతికి అడ్డంగా ఒంటిని తీసుకురాకుండా పక్క నుంచి చేతులు చాస్తే, జారిన బంతిని ఆపడానికి వెనక ఏమీ ఉండదు. ముందు అడుగు పక్కకి వెయ్యి, ఛాతీ బంతికి ఎదురుగా రావాలి. ఎత్తు బంతికి బొటనవేళ్లు రెండూ దగ్గరగా, అరచేతులు బంతి వెనక. నేల బంతికి చిటికెనవేళ్లు దగ్గరగా, మోకాలు ఒకటి వంచి కాళ్ల మధ్య సందు మూసెయ్యి. డిసెంబరు పొద్దుల్లో గడ్డి మీద మంచు ఉంటుంది కదా, ఆ తడి బంతితోనే స్నేహితుడి చేత కొట్టించుకో. పొడి బంతితో నేర్చుకున్న పట్టు తడి బంతికి నిలబడదు.

ఇంకో సంగతి. ఇంటర్ కాలేజియేట్ నాకౌట్. పదహారు జట్లు వస్తే ఎనిమిది జట్లు ఒక్క మ్యాచ్ ఆడి బస్సెక్కాలి. ఏడాది కష్టానికి ఒక్క గంటన్నర. నీ తప్పు దిద్దుకోవడానికి నీకు రెండో మ్యాచ్ లేదు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన దేశం మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడింది. గ్రూపు పద్ధతి కాబట్టి రెండో మ్యాచ్ దొరికింది. తేరుకుని గెలుచుకుంటూ పోయి, సెప్టెంబరు 4న ఫైనల్లో అదే కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. నాకౌట్ అయి ఉంటే ఆ జట్టు కోచ్, హైదరాబాదీ రహీం సాబ్ పేరు మనం ఇలా తలుచుకునేవాళ్లమా?

నీకింకా ఒక ఏడాది ఉంది. యూనివర్సిటీ జట్టుకి ఎంపిక చేసేవాళ్లు గెలిచిన కాలేజీని మాత్రమే చూడరు, ఆటగాణ్ణి చూస్తారు. అక్కణ్ణుంచి సౌత్‌జోన్, ఆ పైన ఆలిండియా అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు.

ఆ గ్రూపులో ఉన్న పిల్లలకి కూడా ఒక మాట. జట్టు బాగా ఆడలేదని చెప్పండి, ప్రాక్టీసు చాలలేదని చెప్పండి, అది మీ హక్కు. మీతో పాటు క్యాంటీన్లో కూర్చునే కుర్రాడి మొహాన్ని స్టిక్కర్ చెయ్యడం అభిమానం కాదు. అది తీసెయ్యండి, ఈవేళే.

ప్రశ్న: అమెరికాలో కాలేజీ ఆటగాళ్లకి డబ్బులిస్తారటగా. డబ్బు తీసుకున్నాక తిడితే తప్పేముంది? (ఒక పాఠకుడు, రేపల్లె)

జవాబు: ఇస్తున్నారు. 2021 జులై నుంచి తమ పేరు, బొమ్మ వాడుకున్నందుకు ప్రకటనల డబ్బు తీసుకునే వీలొచ్చింది. 2025 జులై 1 నుంచి యూనివర్సిటీలే నేరుగా చెల్లించవచ్చు, మొదటి ఏడాది ఒక్కో యూనివర్సిటీకి పరిమితి సుమారు రెండు కోట్ల అయిదు లక్షల డాలర్లు. అయినా తిట్టు తిట్టే. జీతం తీసుకునే బస్ డ్రైవర్ని కూడా దారి తప్పాడని అమ్మానాన్నల్ని కలిపి తిట్టం కదా. మన కాలేజీ పిల్లల సంగతైతే ఇంకా వేరు. చాలామంది బూట్లు కూడా సొంత డబ్బుతో కొనుక్కుంటున్నారు.

ప్రశ్న: నేను రిటైరైన పీఈటీని. హైదరాబాద్‌లో ఒకప్పుడు ఫుట్‌బాల్ అంతగా వెలిగింది కదా, మన డెల్టాలో ఎందుకు వేళ్లూనలేదు? మా స్కూళ్లలో కబడ్డీ, వాలీబాల్ తప్ప పిల్లలు ఇంకో ఆట వంక చూసేవాళ్లు కాదు. (బాపట్ల)

జవాబు: మాస్టారూ, నా లెక్క ఇది. పూర్తి కొలతల ఫుట్‌బాల్ మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. మన కొలతలో ఎకరం డెబ్భై ఆరు సెంట్లు. కబడ్డీ కోర్టుకి మూడు సెంట్ల పైచిలుకు చాలు, వాలీబాల్‌కి నాలుగు సెంట్లు. కాలవ కింద మాగాణిలో ఎకరం డెబ్భై ఆరు సెంట్లు ఆటకి వదిలే ఆసామి ఎక్కడుంటాడు? పోనీ కోత అయ్యాక చేలు ఖాళీగా ఉంటాయా అంటే అదీ లేదు. వరి కొయ్యకముందే అందులో మినుము చల్లేస్తారు. కోత యంత్రం వెళ్లేసరికి మొలక కనిపిస్తుంది. పిల్లలు పరిగెత్తడానికి మిగిలేది స్కూలు ఆవరణ, చెరువు గట్టు, గుడి ముందు జాగా. ఆ జాగాలో కబడ్డీ, వాలీబాల్ పెరిగాయి. అందులో తక్కువతనం ఏమీ లేదు.

హైదరాబాద్ సంగతి వేరు. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో రెజిమెంట్లు, వాటికి పెరేడ్ మైదానాలు. నగర పోలీసు జట్టు ఆటగాళ్లకి ఉద్యోగాలిచ్చింది. వీటికి తోడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన ఉస్మానియాలో చదువుకుని టీచరైన మనిషి. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్‌కి కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టులో హైదరాబాద్ ఆటగాళ్లే పెద్ద వాటా. ఆంధ్రప్రదేశ్ 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత పోలీసు ఉద్యోగాలు, మైదానాలు రెండూ తగ్గాయి, ఆటా తగ్గింది. ఆట ప్రేమతోనే నిలబడదు మాస్టారూ, దానికి ఉద్యోగం, నేల రెండూ కావాలి.

మీ ఊళ్లో నేల ఉంది, సూర్యలంక ఇసుక. బీచ్ ఫుట్‌బాల్‌కి జట్టుకి ఐదుగురు, ముప్ఫై ఆరు మీటర్ల పొడవు జాగా చాలు. బూట్లు అక్కర్లేదు. మీలాంటివారు నిలబడితే ఆదివారాలు మొదలుపెట్టొచ్చు. పిల్లల్ని నీళ్లలోకి మాత్రం దిగనివ్వకండి, అక్కడి అలలు ఎంతోమంది పిల్లల్ని మింగాయి.

ప్రశ్న: ప్రో కబడ్డీలో తెలుగు టైటాన్స్‌ని మొదటి సీజన్ నుంచి చూస్తున్నాను. మా ఇంట్లో నన్ను పిచ్చోడంటారు. (భట్టిప్రోలు)

జవాబు: 2021-22 సీజన్లో 22 మ్యాచ్‌లకి ఒకటి గెలిచారు. తర్వాతి సీజన్లో రెండు. ఆ పై సీజన్లో మళ్లీ రెండు. మూడు సీజన్లలో 66 మ్యాచ్‌లకి ఐదు గెలుపులు. ఇంత చూసి కూడా టీవీ కట్టెయ్యని మనిషిని పిచ్చోడంటే నేనొప్పుకోను. 2024లో పన్నెండు గెలిచి ప్లేఆఫ్ అంచుదాకా వెళ్లారు. 2025లో విజయ్ మలిక్ సారథ్యంలో రెండో క్వాలిఫయర్ వరకూ వెళ్లి పుణెరి పల్టన్ చేతిలో ఆగారు. ఆ ఏడు భరత్ హుడా రెయిడ్‌కి లేచినప్పుడల్లా మీకు కలిగిన సంతోషం, ఆ ఏడే చూడ్డం మొదలుపెట్టినవాడికి కలగదు.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేటప్పుడు హైదరాబాద్ ఎఫ్‌సీ మ్యాచ్‌లకి గచ్చిబౌలి వెళ్లేవాణ్ణి. ఇప్పుడా జట్టు ఢిల్లీకి వెళ్లిపోయింది. పసుపు జెర్సీ బీరువాలో ఉంది. ఆ ఢిల్లీ జట్టుకి మద్దతివ్వాలా? (తెనాలి)

జవాబు: మీ బాధ నాకు బాగా అర్థమైంది. 2019లో పుణె జట్టు మూతపడితే దాని స్థానంలో వచ్చింది హైదరాబాద్. తొలి సీజన్ అట్టడుగు. కోచ్‌గా మనోలో మార్కెజ్ వచ్చి యువకులతో జట్టు కట్టాడు. 2022 మార్చి 20న గోవా ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. 1-1, పెనాల్టీలు. మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు, 3-1తో కప్పు మనది. రెండేళ్లు తిరిగేసరికి జీతాలు ఆగిపోయాయి, ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, 2023-24లో 22 మ్యాచ్‌లకి ఒకటే గెలుపు. 2025లో పేరు, ఊరు మార్చుకుని ఢిల్లీ వెళ్లింది.

వెంట వెళ్లాల్సిన బాధ్యత మీకు లేదు. ఊరిని చూసి జట్టుని ప్రేమించారు, ఆ ఊరిని వదిలింది వాళ్లు. ఫుట్‌బాలే కావాలంటే ఐ-లీగ్‌లో శ్రీనిధి డెక్కన్ 2022-23, 2023-24 రెండు సీజన్లలోనూ రెండో స్థానంలో నిలిచింది, దాన్ని చూడండి. నన్నడిగితే అంతకన్నా ముందు మీ తెనాలి కాలేజీ పిల్లల మ్యాచ్‌కి వెళ్లండి. యజమాని చేతులు మారితే క్లబ్బు ఊరు మారుతుంది. మీరు చదువుకున్న కాలేజీని ఎవరూ ఢిల్లీ పట్టుకుపోలేరు. పైన ఉత్తరం రాసిన గోల్‌కీపర్ కుర్రాడు మీ ఊరివాడే. కట్టిమణి కథ వాడికి చెప్పండి.

ప్రశ్న: మేం అమ్మాయిల కబడ్డీ టీమ్. అబ్బాయిల మ్యాచ్‌కి కాలేజీ అంతా వస్తుంది. మా మ్యాచ్‌కి గ్రౌండ్ ఖాళీ. వచ్చిన నలుగురూ వెకిలిగా మాట్లాడతారు. (చెరుకుపల్లి)

జవాబు: అమ్మా, వెకిలి మాట వినపడగానే మీ కెప్టెన్ నేరుగా రిఫరీ దగ్గరికి వెళ్లి ఆట ఆపమని అడగాలి. ఆ మాటన్నవాణ్ణి బయటికి పంపాకే రెయిడ్ మొదలవ్వాలి. ఒక్కసారి ఇలా జరిగితే రెండోసారి అవసరం రాదు. ఫిజికల్ డైరెక్టర్‌గారు మీ పక్షాన నిలబడాలి, అది ఆయన ఉద్యోగంలో భాగం.

జనం రావాలంటే వేళ మార్చమనండి. మీ మ్యాచ్ మధ్యాహ్నం ఎండలో పెట్టి, అబ్బాయిలది సాయంత్రం పెడితే ఎవరొస్తారు? అబ్బాయిల ఫైనల్‌కి ముందు అదే కోర్టులో మీది ఉండాలి. హైస్కూలు అమ్మాయిల్ని, మీ అమ్మల్ని పిలవండి. 2025 నవంబరులో ఢాకాలో మన అమ్మాయిలు చైనీస్ తైపీని 35-28తో ఓడించి కబడ్డీ ప్రపంచకప్పు తెచ్చారు. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య ఫుట్‌బాల్ ఆడి 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ దాకా వెళ్లింది. మీరు ఆడేది చిన్న ఆట కాదు.

ప్రశ్న: చెరుకుపల్లి కుర్రాళ్లం కొందరం హైదరాబాద్, బెంగళూరు, డల్లాస్‌లో ఉద్యోగాలు చేస్తున్నాం. సంక్రాంతికి లక్ష రూపాయల మొదటి బహుమతితో కాలేజీ జట్లకి ఫుట్‌బాల్ టోర్నమెంటు పెడదామనుకుంటున్నాం. సలహా ఇవ్వండి.

జవాబు: ఆ లక్ష బహుమతిగా పెట్టొద్దు. అంత డబ్బు కనపడితే ఎక్కడెక్కడి అద్దె ఆటగాళ్లో దిగుతారు, మన పిల్లలు బెంచీ మీద కూర్చుంటారు, చివరికి రిఫరీ మీద గొడవ. ఆ లక్షతో ఒక సీజన్ పెట్టండి. తెనాలి, రేపల్లె, బాపట్ల, పొన్నూరు, నిజాంపట్నం, చెరుకుపల్లి, ఈ ఆరు చోట్ల నుంచి ఆరు జట్లు. ప్రతి జట్టూ మిగతా ఐదింటితో ఆడాలి. మొత్తం పదిహేను మ్యాచ్‌లు. శనివారానికి మూడు, ఐదు శనివారాల్లో పూర్తి. మొదటి వారం ఓడిన జట్టుకి రెండో వారం ఉంటుంది.

జట్టుకి ఏడుగురు చాలు, అప్పుడు హైస్కూలు గ్రౌండే సరిపోతుంది. కాలేజీ గుర్తింపు కార్డు లేనివాణ్ణి దించకూడదు. తేదీల విషయంలో జాగ్రత్త. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది, డిసెంబరు మొదటివారాన్ని నమ్మకండి. డిసెంబరు మూడో శనివారం మొదలుపెడితే ఐదో వారం మ్యాచ్‌లు సంక్రాంతి పక్కకి వస్తాయి. మీరంతా ఊళ్లో ఉండేది అప్పుడే కాబట్టి చెరుకుపల్లి-రేపల్లె మ్యాచ్ ఆ రోజుకి అట్టేపెట్టుకోండి. సెమిస్టర్ పరీక్షల తేదీలు కాలేజీల్ని ముందే అడగండి.

డబ్బు ఇలా ఖర్చు పెట్టండి: ముందు బూట్లు, ఎందుకంటే మ్యాచ్ మధ్యలో బయటికొచ్చినవాడి బూట్లు తొడుక్కుని లోపలికెళ్లే పిల్లల్ని మీరు చూసే ఉంటారు. తర్వాత జట్ల ఆటో చార్జీలు, ఆట తెలిసిన రిఫరీకి మర్యాదైన భత్యం, బంతులు, నెట్లు, సున్నం, ఐసు, మందుల పెట్టె, ఆట అయ్యాక గుడ్లు, అరటిపళ్లు. గెలిచినవాళ్లకి కప్పు చాలు.

జనం రావాలంటే వేళ మారకూడదు. ప్రతి శనివారం రెండున్నరకి మొదటి మ్యాచ్, ఎవరొచ్చినా రాకపోయినా అదే వేళ. మూడో మ్యాచ్ చీకటి పడకముందే అయిపోవాలంటే సగానికి ఇరవై నిమిషాలే పెట్టండి. ఆదివారం పొద్దునకల్లా ఊరి సెంటర్లో ఒక బోర్డు మీద ఫలితాలు, ఏ జట్టుకి ఎన్ని పాయింట్లో సుద్దతో రాయించండి. టీ తాగడానికొచ్చినవాళ్లు అది చదువుతారు, మూడో వారానికి ‘మనవాళ్లు ఎన్నోస్థానం?’ అని వాళ్లే అడుగుతారు. అడిగినవాడు నాలుగో వారం గ్రౌండ్‌కి వస్తాడు. ఆరు కాలేజీలూ ఒప్పుకున్నాక రాయండి, ఏ శనివారం ఎవరితో ఎవరు ఆడాలో పట్టిక వేసి పంపుతాను.